బంగినపల్లి కాయకు దెబ్బ ఎక్కడ తగిలిందో వెనక్కి వెతకడం ఎలా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. నూజివీడు దగ్గర మీకు నాలుగు ఎకరాల బంగినపల్లి తోట ఉంది. ఈ ఏడాది తోటను గుత్తకు ఇవ్వకుండా మీరే కోయించి, 5 కిలోల అట్టపెట్టెల్లో హైదరాబాద్‌లోని ఇళ్ళకు నేరుగా పంపారు. ఎక్కించేటప్పుడు కాయ మీద మచ్చ లేదు. వారం తిరగకముందే వాళ్ళు పంపిన ఫొటోల్లో మాత్రం కొన్ని పండ్లకు తొడిమ నుంచి కిందికి నల్లని చారలు, కొన్నింటికి ఒక పక్క మెత్తని గుంట, ఇంకొన్నింటికి ముచ్చిక, అంటే తొడిమ కాయకు అతికే చోటు, దగ్గర కుళ్ళు కనిపించాయి. తప్పు పార్సిల్ వాళ్ళదా, ఇంకా మందమైన పెట్టె కొంటే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. పెట్టె మార్చినంత మాత్రాన ఈ నష్టం ఆగదు. ఆ మూడు మచ్చలకు మూడు కారణాలున్నాయి. అందులో కనీసం రెండు మీరు పెట్టె మూయకముందే, చెట్టు కిందే మొదలయ్యాయి. చారలు సొన కారినందువల్ల వచ్చినవి. గుంట పడిపోయిన దెబ్బ, లేదా పైబరువు నొక్కిన దెబ్బ. ముచ్చిక కుళ్ళు శిలీంధ్రం పని, కానీ దానికి తలుపు తీసింది చాలాసార్లు మన చేతులే. వచ్చే ఏడాదికి మీ దగ్గర పది వేల రూపాయలు మాత్రమే ఉంటే వాటిని పెట్టె మీద పెట్టకండి. కోత మీద పెట్టండి.

నేను ఆగిరిపల్లి వైపు పాతికేళ్ళకు పైగా కోతలు చేయిస్తున్నాను. మొదట మా నాన్నగారితో కలిసి తోటలు గుత్తకు తీసుకునేవాళ్ళం, తరువాత చిన్న షెడ్డు వేసుకుని గ్రేడింగ్, ప్యాకింగ్ మొదలుపెట్టాను. కింద రాసేదంతా ఎక్కువగా బంగినపల్లి గురించి. రసాలకు తొక్క ఇంకా సున్నితం కాబట్టి ఇదే జాగ్రత్త రెట్టింపు కావాలి. కలెక్టర్ (తోతాపురి) కాయ కాస్త మొరటుతనాన్ని తట్టుకుంటుంది. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయ కదా అని దాన్ని ట్రాక్టర్లలో గుమ్మరించే అలవాటు మనకుంది. అదే కూలీలు, అదే అలవాటుతో మరునాడు బంగినపల్లి తోటలోకి వస్తారు. సగం కష్టం అక్కడే ఉంది.

పచ్చి కాయ మనల్ని మోసం చేస్తుంది

కోతకు వచ్చిన బంగినపల్లి రాయిలా ఉంటుంది. నడుము ఎత్తు నుంచి పడినా పైకి ఏమీ కనపడదు. తుడిచి ట్రేలో వేస్తాము. లోపల మాత్రం దెబ్బ తగిలిన చోట కండలోని కణాలు చితికిపోయి ఉంటాయి. కాయ మాగుతున్నప్పుడు చుట్టూ ఉన్న పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, ఆ చితికిన ముక్క సరిగా మారదు. అందుకే అలాంటి పండును కోస్తే దెబ్బ కింద కండ పాలిపోయి పిండిగా, రుచి లేకుండా ఉంటుంది, లేదా గోధుమ రంగు తిరిగి నీరు కారుతుంది. దెబ్బ తగిలిన రోజుకీ అది కనపడిన రోజుకీ మధ్య వారం గడుస్తుంది. ఈ వారం వల్లే కోసినవాడు, మోసినవాడు, అమ్మినవాడు ఎవరికి వారు తమ తప్పు లేదని నిజాయతీగానే నమ్ముతారు.

నేనూ అలాగే నమ్మేవాడిని. ఒక ఏడాది వరుసగా మూడు లోడ్లకు ఫిర్యాదు వస్తే, మనసు ఊరుకోక ఒక పరీక్ష చేశాను. ఒకే చెట్టు నుంచి జాగ్రత్తగా కోసిన నలభై కాయలు తీసుకుని తొడిమలకు రంగు దారాలు కట్టాను. పది కాయలు మోకాలి ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద, పది నడుము ఎత్తు నుంచి అదే గచ్చు మీద, పది నడుము ఎత్తు నుంచి జానెడు మందం వరిగడ్డి మీద వదిలాను. చివరి పది ఎక్కడా పడనివ్వలేదు. అన్నీ కలిపి మాగవేశాను. పడేసిన రోజు నలభైలో ఏది ఏదో దారం చూస్తే తప్ప నాకే తెలియలేదు. ఆరో రోజు కోసి చూస్తే, నడుము ఎత్తు నుంచి గచ్చు మీద పడినవాటిలో చాలావాటికి లోపల మచ్చ ఉంది. మోకాలి ఎత్తు నుంచి పడినవాటిలో కొన్నింటికి ఉంది. గడ్డి మీద పడినవి దాదాపు పడనివాటిలాగే ఉన్నాయి. మీ తోటలో మీరూ ఇది చేయండి, మీ కూలీల ఎదుటే కోయండి. నేను ఎన్ని మాటలు చెప్పినా వినని మేస్త్రీ, ఆ నలభై పండ్లు చూశాక మరునాడు తనంతట తానే చెట్టు కింద గడ్డి పరిపించాడు.

ఇంకొక సంగతి. దెబ్బలు కూడుకుంటాయి. చిక్కం, అంటే కోత గెడకు కట్టే వల సంచి, నుంచి నేల మీదికి ఒకసారి, నేల నుంచి తట్టలోకి, తట్ట నుంచి ట్రాక్టరులోకి, ట్రాక్టరు నుంచి షెడ్డులో కుప్పగా, కుప్ప నుంచి కాటాకు, కాటా నుంచి పెట్టెలోకి. ఆరుసార్లు జానెడు జానెడు పడిన కాయ ఒక్కసారి గట్టిగా పడిన కాయ కన్నా బాగుంటుందని అనుకోవద్దు. అందుకే ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: చెట్టు నుంచి పెట్టె దాకా మీ కాయ ఎన్ని చేతులు మారుతోంది? చెట్టు కిందే నేరుగా ప్లాస్టిక్ ట్రేలోకి వేసి, ఆ ట్రేతోనే షెడ్డుకు తెస్తే ఆరు మూడవుతాయి. పెద్ద ఖర్చు లేని మార్పు ఇది.

సొన సంగతి, చారలు ఎక్కడ నుంచి వచ్చాయి

మీ ఫొటోల్లో ఎక్కువగా ఉన్నవి చారలే కాబట్టి దీని గురించి వివరంగా రాస్తాను.

కాయకు దగ్గరగా తొడిమలో ఒక కణుపు ఉంటుంది. పండితే అక్కడే ఊడిపోతుంది. కాయ లోపలి నాళాల్లో సొన ఒత్తిడి మీద ఉంటుంది. తొడిమను ఆ కణుపు దగ్గర విరిస్తే, గుంజితే, సొన ఒక్కసారిగా చిమ్ముతుంది. కణుపు దాటి, నాలుగు వేళ్ళ పొడవు తొడిమ ఉంచి కోస్తే కారేది చాలా తక్కువ. చిమ్మే సొనలో మొదటి నిమిషం లోపు వచ్చేదే ప్రమాదకరం. అందులో ఘాటైన నూనె పదార్థాలు ఎక్కువ. అవి తొక్క మీద ఉండే సన్నని రంధ్రాల గుండా దిగి కింది కణాలను చంపుతాయి. ముందు తడిసినట్లు మెరుస్తుంది, తరువాత గోధుమ రంగు, చివరికి నల్ల చార. తరువాత మెల్లగా ఊరే సొన జిగురుగా ఉంటుంది, అంత హాని చేయదు. చేతికి అంటితే బొబ్బలెక్కేదీ, కాయను కాల్చేదీ ఆ మొదటి చిమ్మే.

కాబట్టి పద్ధతి ఇలా ఉండాలి. దోటితో కొమ్మను కుదిపి రాల్చడం పూర్తిగా మానండి. చిక్కం కట్టిన గెడకు పదునైన బ్లేడు బిగించి ఉండాలి. మొండి బ్లేడు కోయదు, గుంజుతుంది, గుంజితే కణుపు దగ్గరే ఊడుతుంది. పదును తగ్గగానే మార్చేలా కూలీ జేబులో అదనపు బ్లేడు ఉండాలి. చిక్కంలో ఒకసారి రెండు మూడు కాయలకు మించి పడకూడదు, కాయ మీద కాయ పడితే ఒకదాని తొడిమ ఇంకొకదాని తొక్కను గీస్తుంది. చేతికి అందే కాయలను కత్తెరతో కోయండి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ, కొంకణ్ వైపు దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం మామిడికి ప్రత్యేకంగా కోత గెడలు తయారు చేశాయి. నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది, ఒకసారి వెళ్ళి అడిగి, గెడను చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోండి. మన చెట్ల ఎత్తుకు తగ్గ బరువు, పొడవు ఏదో పట్టుకుంటేనే తెలుస్తుంది.

పొడవు తొడిమతో కోసిన కాయను నీడలోకి తెచ్చాక ఆ తొడిమను కత్తెరతో అర సెంటీమీటరు దాకా కత్తిరించి, వెంటనే ముచ్చిక కిందికి ఉండేలా బోర్లా పెట్టాలి. సొన కాయ మీదికి రాకుండా నేరుగా కిందికి కారిపోవాలి. దీనికి మేము వెదురు బద్దలతో మంచంలాంటి చట్రం చేసి దాని మీద వల బిగించాము. కాయలు ఆ వల కన్నుల్లో బోర్లా కూర్చుంటాయి. అరగంట చాలు. మట్టి మీద బోర్లించవద్దు. కోసిన గాయానికి మట్టి తగిలితే ముచ్చిక కుళ్ళు తెచ్చే శిలీంధ్రాన్ని చేజేతులా అంటించినట్లే. మీ మూడో రకం మచ్చకు ఇది ఒక కారణం అయి ఉండవచ్చు.

పొరపాటున సొన అంటిన కాయను అప్పటికప్పుడే నీళ్ళలో ముంచి కడగాలి, సాయంత్రం దాకా ఆగితే లాభం లేదు. వంద లీటర్ల నీళ్ళలో అర కిలో సున్నం కలిపి, తేరిన నీటిలో ఒక నిమిషం ముంచి, తరువాత మంచినీళ్ళతో కడిగితే ఇంకా మంచిది. చెట్టు దగ్గర రెండు డ్రమ్ములు పెట్టుకోండి. ఒకే డ్రమ్ములో రోజంతా అవే నీళ్ళు వాడితే మాత్రం మొదటి కాయ మురికి, దాని రోగం చివరి కాయ దాకా పాకుతుంది.

కోసే వేళ గురించి చాలామందికి సందేహం ఉంటుంది, ఎందుకంటే ఇందులో రెండు మంచి సలహాలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. చల్లని వేళ కోస్తే కాయలో వేడి తక్కువ, నిల్వకు మేలు. కానీ తెల్లవారుజామున కాయ నిండా నీరు పట్టి బిగువుగా ఉంటుంది, సొన ఎక్కువగా చిమ్ముతుంది, తొక్క తేలికగా చిట్లుతుంది. నేను మంచు ఆరి, ఎండ కాస్త తగిలాక ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండుకు ఆపుతాను. పెద్ద తోట అయితే మళ్ళీ మూడున్నర తరువాత. వాన పడిన మరునాడు కోయను, అమ్మకం ఎంత తొందరగా ఉన్నా సరే. కోతకు రెండు వారాల ముందే నీటి తడులు ఆపేస్తాను.

కూలి లెక్క మారనిదే కోత మారదు

ఇది పుస్తకాల్లో దొరకని విషయం. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దదీ ఇదే.

మన దగ్గర కోత కూలి చాలాచోట్ల టన్నుకు ఇంత అని ఉంటుంది. టన్నుకు కూలి ఇచ్చి జాగ్రత్తగా కోయమంటే, వాళ్ళ పిల్లల నోటి దగ్గర కూడు తగ్గించుకోమని అడుగుతున్నట్లే. తొడిమ ఉంచి కోసే మనిషి రోజుకు కోసేది తక్కువ. అది సోమరితనం అసలే కాదు, ఆ పనికి పట్టే సమయమే అంత. నేను పెట్టెలకు పోయే కాయ కోతకు రోజు కూలి పెట్టాను, టన్ను లెక్కన వాళ్ళకు గిట్టేదానికన్నా కొంచెం ఎక్కువే. మొదటి ఏడాది ఇంట్లో అందరూ నన్ను తప్పుపట్టారు. కానీ షెడ్డులో ఏరి పక్కన పెట్టే కాయ తగ్గడంతో ఆ అదనపు కూలి తిరిగి వచ్చేసింది. గుజ్జుకు, మండీకి పోయే కాయకు ఇప్పటికీ టన్ను లెక్కే. రెండు రకాల కోతలను ఒకే రోజు, ఒకే ముఠాతో చేయించను.

అదే ముఠాను ఏటా పిలవండి. చేతిపని వచ్చిన మనిషి విలువ తోటలో ఇంకే పనిలోనూ ఇంత స్పష్టంగా కనపడదు. గోళ్ళు కత్తిరించుకోమని చెప్పండి, నూలు చేతి తొడుగులు ఇవ్వండి, కాయ తీసుకునే ఆడవాళ్ళ చేతి గాజులకు బట్ట చుట్టుకోమనండి. చిన్న మాటల్లా ఉంటాయి గానీ, చెట్టు మీదే కవర్లు తొడిగి పెంచిన కాయ తొక్క ఎంత లేతగా ఉంటుందంటే గోటి గీత కూడా పండాక నల్ల గీతగా మిగులుతుంది. మీరూ కవర్లు కట్టారని రాశారు. మచ్చ లేని కాయ కోసం కవరుకు అంత డబ్బు పెట్టి, కవరు విప్పిన రోజే గీతలు పడనివ్వడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. కవరుతో పాటే కోసి, నీడలోకి తెచ్చాకే విప్పండి.

ట్రేలు, షెడ్డు

ట్రేలో కాయలు అంచుకు రెండు వేళ్ళ కింద ఆగిపోవాలి. ట్రే మీద ట్రే పెట్టినప్పుడు బరువు ట్రే అంచులు మోయాలి, కాయలు మోయకూడదు. ఒక్క వరుస ఎక్కువ వేసినా పై ట్రే అడుగు ఆ కాయల మీదే కూర్చుంటుంది, దారి పొడవునా నొక్కుతూనే ఉంటుంది. మీ ఫొటోల్లో ఒక పండుకు గుంట గుండ్రంగా కాకుండా చదునుగా, బల్లపరుపుగా ఉంది. అది పడిన దెబ్బ అయ్యే అవకాశం తక్కువ, నొక్కిన దెబ్బ.

ట్రే అడుగున నాలుగు మడతల పాత వార్తాపత్రిక, లేదా శుభ్రమైన గడ్డి. ఇక్కడ ఇసుక సంగతి చెప్పాలి. ఒకసారి మార్కెట్ నుంచి తిరిగి వచ్చిన ట్రేలను కడగకుండా వాడాము. అడుగున సన్నని ఇసుక ఉంది. దారి పొడవునా కాయలు కదులుతుంటే ఆ ఇసుక రాపిడికి అడుగు వరుస తొక్క మొత్తం మసకబారిపోయింది, ఎక్కడా లోతు గాయం లేదు గానీ గీతలే గీతలు. అప్పటి నుంచి ప్రతి ట్రే కడిగి, ఎండబెట్టాకే తోటలోకి వెళుతుంది.

కోసిన కాయ ఎండలో ఉండకూడదు. ఎండలో ఉన్న కాయ లోపలి వేడి గాలి వేడిని దాటిపోతుంది. కాయ వేడి పది డిగ్రీలు పెరిగితే అది ఊపిరి తీసే వేగం రెండు మూడు రెట్లవుతుంది, అంటే అంత తొందరగా మెత్తబడుతుంది. మెత్తబడిన కాయకు చిన్న తాకిడి కూడా దెబ్బే.

షెడ్డులో కుప్ప పోయడం మానండి. ట్రే నుంచి బల్ల మీదికి, బల్ల నుంచి పెట్టెలోకి. బల్ల మీద గోనె, దాని మీద శుభ్రమైన దుప్పటి పరవండి. నేల రాలిన కాయ, చిక్కంలోంచి జారిపడిన కాయ చూడటానికి ఎంత బాగున్నా పెట్టె కాయలో కలపవద్దు. దెబ్బ తగిలిన కాయ ఊరికే తాను చెడి ఊరుకోదు. గాయపడిన కాయ నుంచి ఇథిలీన్ వాయువు ఎక్కువగా వెలువడుతుంది, మామిడిని పండించే వాయువు అదే. పెట్టెలో అలాంటిది ఒక్కటుంటే పక్కవాటిని కూడా తొందరపెడుతుంది. మీ ఖాతాదారులు ఒకే పెట్టెలో రెండు పండ్లు కుళ్ళి, నాలుగు పండి, మిగతావి పచ్చిగా ఉన్నాయన్నారు కదా, ఇది ఒక కారణం. రెండోది, ముదరని కాయ కలవడం. భుజాలు తొడిమను మించి పైకి ఉబ్బి, ముచ్చిక దగ్గర చిన్న గుంట పడిన కాయనే తీసుకోండి. సందేహం ఉంటే నాలుగు కాయలు నీళ్ళలో వేయండి. ముదిరినది మునుగుతుంది.

ముచ్చిక కుళ్ళు, పండాక వచ్చే నల్ల చుక్కలు తగ్గడానికి 52 డిగ్రీల వేడి నీళ్ళలో 5 నిమిషాలు ముంచి తీయడం మంచి పద్ధతి. కోసిన రోజే చేయాలి, థర్మామీటరు లేకుండా చేయకూడదు. చేతితో చూసి అంచనా వేస్తే ఒక లోడు తొక్కంతా ఉడికిపోతుంది. ఇది శిలీంధ్రానికి మందు మాత్రమే. పడిన దెబ్బను, సొన కాల్చిన చారను ఏ నీళ్ళూ మాన్పలేవు.

ఇప్పుడు పెట్టె

పెట్టె ముఖ్యం కాదని నేను అనను, దాని వంతు చివరిదని మాత్రం అంటున్నాను. మీరు వాడినది మూడు పొరల అట్ట. వాన జల్లు తగిలినా, కాయల చెమ్మ పట్టినా మూడు పొరల అట్ట చతికిలపడుతుంది. అయిదు పొరలది తీసుకోండి, పక్కల గాలి కన్నాలు ఉన్నది. కన్నాలు మూలలకు దూరంగా ఉండాలి, ఎందుకంటే పెట్టె బలమంతా మూలల్లోనే ఉంటుంది. పేర్చేటప్పుడు కూడా మూల మీద మూల సరిగ్గా రావాలి. ఇటుకల గోడలా అడ్డదిడ్డంగా పేరిస్తే వరుస కదలకుండా నిలబడుతుంది కానీ పెట్టె మోసే బరువు బాగా తగ్గిపోతుంది, కింది పెట్టె కడుపు నొక్కుకుపోతుంది.

సుమారు 350 నుంచి 400 గ్రాముల కాయ అయితే 5 కిలోల పెట్టెలో పన్నెండు నుంచి పధ్నాలుగు పడతాయి. ఒకే వరుసలో పట్టే వెడల్పాటి పెట్టె దొరికితే అదే కొనండి. ప్రతి కాయకు ఫోమ్ వల తొడగండి, లేదా మధ్యలో కాగితపు తురుము కూరండి. కాయ కదలకూడదు, అలాగని మూత ఒత్తి మూయాల్సినంత నిండకూడదు. మూశాక పెట్టెను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపండి. లోపల చప్పుడు వినిపిస్తే ఇంకొంచెం తురుము వేయాలి. వందల కిలోమీటర్ల ప్రయాణంలో ఆ చిన్న కదలిక వేలసార్లు జరుగుతుంది, కాయ కాయను ఒరుసుకుంటుంది.

దారి

పెద్ద రోడ్డు మీద కన్నా తోట నుంచి పెద్ద రోడ్డెక్కే దాకా ఉన్న గతుకుల బాటలోనే ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఆ రెండు మూడు కిలోమీటర్లు మనిషి నడిచే వేగంతో వెళ్ళమని డ్రైవరుకు చెప్పండి, ఆలస్యానికి డబ్బు ఇవ్వండి. కోతలకు ముందే ఒక ట్రాక్టరు గ్రావెల్ తెప్పించి గుంటలు పూడ్చుకుంటే ఇంకా మంచిది. బండిలో వెనక చివర, పై వరుసలో ఉన్న ట్రేలకు కుదుపు అన్నిటికంటే ఎక్కువ. అక్కడ రెండో రకం కాయ పెట్టండి, మీ మంచి కాయ ముందు వైపు, కింది వరుసల్లో ఉండాలి. బండి అడుగున జానెడు గడ్డి పరవండి. టార్పాలిన్‌ను కాయలకు ఆనించి బిగించవద్దు, గాలి ఆడాలి. రాత్రి ప్రయాణం అన్ని విధాలా మేలు.

పార్సిల్ వాళ్ళ విషయానికి వస్తే, వాళ్ళు పెట్టెలు విసరరని నేను చెప్పలేను. ఒక ఏడాది ఒక పార్సిల్ సర్వీసులో పంపిన మా పెట్టెలు దించే చోట నేనే నిలబడి చూశాను. బండి మీద నుంచి కింది మనిషికి, అతని నుంచి కుప్పలోకి విసురుతూనే ఉన్నారు. గొడవపడి లాభం లేదని, ఇరవై ముప్పై పెట్టెలు కాగానే నలుగురం రైతులం కలిసి ఒక చిన్న బండి మాట్లాడుకోవడం మొదలుపెట్టాము. ఖర్చు కొంచెం ఎక్కువైనా పెట్టె మన చేతి నుంచి కొనేవారి చేతికే వెళుతుంది. మీ ఊళ్ళో ఇంకా ముగ్గురు నేరుగా అమ్మేవాళ్ళు ఉంటే ఈ దారి ఆలోచించండి. పార్సిల్ తప్పనిసరి అయితే కాయ గట్టిగా ఉన్నప్పుడే పంపాలి. సగం మాగబెట్టిన కాయ అలాంటి చేతుల్లో బతకదు.

మాగబెట్టడం కొనేవారి ఇంట్లోనే జరగనివ్వండి. పెట్టెలో ఒక చీటీ పెట్టండి: వచ్చిన వెంటనే పెట్టె విప్పాలి, కాయలను నీడలో, గడ్డి లేదా కాగితం మీద ఒకే వరుసగా పరవాలి, మెత్తబడిందో లేదో వేలితో నొక్కి చూడకూడదు, వాసన, రంగు చూసి తెలుసుకోవాలి, పండే దాకా ఫ్రిజ్‌లో పెట్టకూడదు. నొక్కి చూసిన ప్రతి వేలిముద్రా రెండు రోజులకు ఒక మచ్చ. పచ్చి మామిడిని 10 డిగ్రీల కన్నా చల్లగా ఉంచితే తొక్క బూడిద రంగు తిరిగి, తరువాత బయట పెట్టినా సరిగా పండదు. మీరు శీతల గిడ్డంగి వాడాలనుకుంటే 12, 13 డిగ్రీలు దాటి చల్లబరచవద్దని వాళ్ళకు ముందే చెప్పండి. కార్బైడ్ మాట ఎత్తకండి, అది చట్టరీత్యా నిషేధం, మనిషి ఆరోగ్యానికి హాని.

ఇవన్నీ ఒకే ఏడాదిలో చేయలేరు. నాకైతే ఏడెనిమిదేళ్ళు పట్టింది. వచ్చే కోతకు మూడు పెట్టుకోండి: తొడిమ ఉంచి కోయడం, బోర్లించే చట్రం, పెట్టె కాయకు రోజు కూలి. వాటితో పాటు ప్రతి పెట్టె మీద ఏ రోజు, ఏ వరుస చెట్లు, ఏ ముఠా కోసిందో, ఏ బండిలో వెళ్ళిందో పెన్సిల్‌తో రాయండి. ఫిర్యాదు ఫొటో రాగానే పెట్టె మీద రాసినది అడగండి. నాలుగు ఫిర్యాదులు ఒకే ముఠావైతే కోత చూసుకోవాలి, ఒకే బండివైతే దారి చూసుకోవాలి, అన్ని చోట్లా చెదురుమదురుగా ఉంటే షెడ్డు చూసుకోవాలి.

ఈలోగా ఒక పని చేయగలరా? మీ ఇంట్లో అదే కోత పండ్లు ఇంకా మిగిలి ఉంటే, గుంట పడిన పండును గుంట మధ్యగా నిలువుగా కోసి లోపలి ఫొటో పెట్టండి. కండ పాలిపోయి పిండిగా ఉందా, గోధుమ రంగుగా ఉందా, నలుపు తొక్క నుంచి లోపలికి దిగిందా అన్నది చూస్తే, అది పడిన దెబ్బో, నొక్కిన దెబ్బో, శిలీంధ్రమో ఇంకొంచెం నమ్మకంగా చెప్పగలను.